బ్రేక్ పడితే బండి వణుకుతోంది.. ఎక్కడ మొదలుపెడతారు?

మెకానికల్, ఆటోమొబైల్ బ్రాంచిల వాళ్లను ఇంటర్వ్యూలో అడగదగ్గ మంచి ప్రశ్న ఒకటుంది. ‘రేస్ ట్రాక్ మీద తిరిగే బైకు. స్ట్రెయిట్ చివర ముందు బ్రేక్ పట్టుకోగానే హ్యాండిల్ వణుకుతోందని రైడర్ వచ్చి చెప్పాడు. నువ్వేం చేస్తావ్?’ దీనికి చాలామంది నోట ఠక్కున వచ్చే జవాబు.. ‘డిస్క్ బెండ్ అయ్యుంటుంది సార్, మార్చేస్తాను’.

ఆ జవాబు పూర్తిగా తప్పనలేం. కొన్నిసార్లు నిజంగానే డిస్కే కారణం. అయితే అడిగినాయన వినాలనుకునేది వేరు. వేల రూపాయల పార్టు విప్పి పక్కన పడేసే ముందు నువ్వేం అడిగావు, ఏం కొలిచావు, దేన్ని ఎందుకు వదిలేశావు? ఇవి చెప్పగలిగితే ఆ అభ్యర్థి పక్కవాళ్లకంటే ఒక మెట్టు పైన కనిపిస్తాడు. మన సిలబస్‌లో బ్రేకింగ్ టార్క్ ఫార్ములా ఉంటుంది, డ్రమ్ముకూ డిస్కుకూ తేడాలుంటాయి. లోపం వెతకడం మాత్రం పాఠంగా ఎక్కడా ఉండదు. అందుకే ఈ ఒక్క ప్రశ్ననే పట్టుకుని చివరిదాకా వెళ్దాం.

చెన్నై శివార్లలో ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ పొడవు 3.717 కిలోమీటర్లు. జాతీయ బైక్ రేసింగ్ ఛాంపియన్‌షిప్ రౌండ్లు జరిగే చోటు. ట్రాక్ డేలకు హైదరాబాద్ నుంచి కూడా బండ్లు వ్యాన్‌లో వేసుకుని వెళ్లేవాళ్లున్నారు. అలాంటి ఒక బండినే ఊహించుకోండి. 300-400 సీసీ, ముందు 110/70-17 టైరు, ఒకే డిస్కు, రెండు వైపులా పిస్టన్లున్న క్యాలిపర్. తర్వాతి సెషన్‌కు 40 నిమిషాలే ఉంది.

వణుకును ఎందుకంత సీరియస్‌గా తీసుకోవాలి?

వణుకు చికాకు పెడుతుంది, అంతే కదా అనుకుంటే పొరపాటు. డిస్కు పక్కలకు ఊగుతుంటే స్ట్రెయిట్ మీద బ్రేక్ పట్టుకోని సమయంలో ప్యాడ్లను కొంచెం కొంచెంగా వెనక్కి తోసేస్తుంది. ప్యాడుకూ డిస్కుకూ మధ్య సందు పెరుగుతుంది. స్ట్రెయిట్ చివర, బండి పూర్తి వేగంలో ఉన్నప్పుడు రైడర్ లీవర్ నొక్కితే మొదటి నొక్కుడంతా ఆ సందును పూడ్చడానికే సరిపోతుంది. లీవర్ గ్రిప్ దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు. రెండోసారి నొక్కితే బ్రేక్ దొరుకుతుంది. కానీ గంటకు 140 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 39 మీటర్లు వెళ్లిపోతాం. అర సెకను ఆలస్యమంటే ఇరవై మీటర్లు. మొదటి మలుపులో ఇరవై మీటర్లంటే ట్రాక్ దాటి గ్రావెల్లో ఉన్నట్టే.

అందుకే వణుకుతో పాటు ‘ఒక్కోసారి లీవర్ లోపలికి వచ్చేస్తోందన్నా’ అని రైడర్ అంటే ఇక వాదన లేదు. కారణం దొరికేదాకా బండి పిట్ దాటకూడదు. జూనియర్ మెకానిక్ అయినా సరే, ఆ మాట గట్టిగా చెప్పగలగాలి. ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదేనని నా అభిప్రాయం. స్పానర్ పట్టడం ఎవరైనా నేర్పిస్తారు. రేసు కోసం ఫీజు కట్టి, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన మనిషితో ‘ఈ సెషన్ వద్దన్నా’ అనడం ఎవరూ నేర్పరు.

ముందు నోటితో, తర్వాతే చేత్తో

టూల్ బాక్స్ తెరిచే ముందు రైడర్‌ను కూర్చోబెట్టి నాలుగు మాటలడగాలి. మొదటిది: వణుకు లీవర్‌లో తెలుస్తోందా, హ్యాండిల్‌లో తెలుస్తోందా? ఈ తేడా వెనక ఫిజిక్స్ ఉంది.

డిస్కు మందం చుట్టూ ఒకేలా లేదనుకోండి. మందంగా ఉన్న చోటు ప్యాడ్ల మధ్యకు వచ్చిన ప్రతిసారీ రెండు వైపుల పిస్టన్లనూ వెనక్కి తోస్తుంది. బ్రేక్ ఫ్లూయిడ్ నలగదు కాబట్టి ఆ తోపు నేరుగా లీవర్ దాకా వచ్చి వేళ్ల కింద నాడిలా కొట్టుకుంటుంది. ఇప్పుడు డిస్కు మందం సమానంగానే ఉండి, మొత్తంగా ఒక పక్కకు ఒరిగిందనుకోండి. ఒకవైపు పిస్టన్ లోపలికి వెళ్తే రెండోవైపుది అంతే బయటికొస్తుంది. ఫ్లూయిడ్ క్యాలిపర్ లోపలే అటూ ఇటూ మారుతుంది, లీవర్‌కు పెద్దగా తెలియదు. అంటే లీవర్ కొట్టుకుంటోందంటే అనుమానం ముందు మందం మీదికి పోవాలి, ఒరగడం మీదికి కాదు. మందంలో తేడాను పరిశ్రమలో డీటీవీ అంటారు, ఒరగడాన్ని రనౌట్ అంటారు. చాలామంది ఈ రెంటినీ కలిపి ‘బెండ్’ అనేస్తారు. ఇంటర్వ్యూలో ఈ రెండు ముక్కలు విడదీసి చెప్పండి చాలు, అవతలివాళ్లు కుర్చీలో కొంచెం ముందుకు జరుగుతారు.

రెండో ప్రశ్న: బ్రేక్ పట్టకపోయినా వణుకుతోందా? అవునంటే చక్రం, టైరు, బ్యాలెన్సింగ్ వైపు వెళ్లాలి, బ్రేకును కాసేపు వదిలేయొచ్చు. మూడోది: చల్లగా ఉన్నప్పుడూ ఉందా, నాలుగైదు ల్యాపుల తర్వాతే మొదలవుతోందా? వేడెక్కాకే వస్తే డిస్కు సాగడానికి చోటు లేక మెలితిరుగుతోందన్న అనుమానం బలపడుతుంది. బండికి ఏబీఎస్ ఉంటే ఇంకో మాట కూడా అడగాలి. ఏబీఎస్ పనిచేసినప్పుడు కూడా లీవర్ కొట్టుకుంటుంది. అది చక్రం లాకయ్యే అంచున మాత్రమే వస్తుంది. మెల్లగా పట్టినా వణికితే అది ఏబీఎస్ పని కాదు. మన దేశంలో 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి షోరూం నుంచి వచ్చిన కొత్త బండిని ట్రాక్‌కు తెచ్చినప్పుడు ఈ గందరగోళం సహజం.

ఇక చివరి ప్రశ్న, నన్నడిగితే అన్నిటికన్నా విలువైనది: నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య బండి మీద ఏం మారింది? ‘పొద్దున కొత్త టైరు వేయించానన్నా’ అన్నాడనుకోండి. సగం దారి దొరికినట్టే. టైరు మార్చేటప్పుడు చక్రాన్ని డిస్కు కిందికి వచ్చేలా నేల మీద పడేసి, పైనుంచి కాలితో తొక్కి, టైర్ లీవర్లతో లాగడం మన పంక్చర్ షాపుల్లో రోజూ కనిపించేదే. డిస్కు వంగడానికి ట్రాక్ అక్కర్లేదు, ఆ ఐదు నిమిషాలు చాలు.

ఒక చిన్న లెక్క

వణుకు ఎంత వేగంగా వస్తోందన్నది కూడా ఆధారమే. 110/70-17 టైరు బయటి వ్యాసం వేసి చూడండి. రిమ్ 17 అంగుళాలు అంటే 431.8 మి.మీ. టైరు పక్క ఎత్తు 110లో 70 శాతం, అంటే 77 మి.మీ., అది రెండు వైపులా. మొత్తం 585.8 మి.మీ. చుట్టుకొలత సుమారు 1.84 మీటర్లు. గంటకు 120 కిలోమీటర్లంటే సెకనుకు 33.3 మీటర్లు. భాగిస్తే చక్రం సెకనుకు సుమారు 18 సార్లు తిరుగుతోంది. 60 కిలోమీటర్ల దగ్గర 9 సార్లు.

వేగం తగ్గుతున్నకొద్దీ వణుకు కూడా నెమ్మదిస్తూ 18 నుంచి 9 హెర్ట్జ్‌కు దిగితే మూలం చక్రంతో పాటు తిరిగేదే. డిస్కు, రిమ్, టైరు, హబ్.. వీటిలో ఒకటి. ఒక తిరుగుడుకు రెండు దెబ్బలు వస్తుంటే, అంటే 120 దగ్గర 36 హెర్ట్జ్ కనిపిస్తే, డిస్కు మీద రెండు చోట్ల తేడా ఉందని అనుమానించాలి. వేగం మారినా వణుకు అదే పౌనఃపున్యంలో ఉంటే మాత్రం అది ఫోర్కులు, స్టీరింగ్ లాంటి నిర్మాణం తాలూకు సొంత ఊగుడు. మెకానికల్ వైబ్రేషన్స్ పేపర్లో చదివిన నేచురల్ ఫ్రీక్వెన్సీ ఇక్కడ కళ్లముందు కనిపిస్తుంది. ఒకే ఒక్క వేగం దగ్గర ఎక్కువై మిగతాచోట్ల తగ్గితే రెండూ కలిశాయన్నమాట. చక్రం తోస్తోంది, ఫోర్కు ఆ తోపును పెద్దది చేస్తోంది.

పెద్ద టీముల దగ్గర డేటా లాగర్లుంటాయి. మీ దగ్గర ఫోన్ ఉంది. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ రీడింగులను స్పెక్ట్రమ్‌గా చూపిస్తుంది. పాత ఫోన్ వాడండి, బండి వణుకుడు కెమెరాలోని సున్నితమైన భాగాలను పాడు చేయగలదు. ఇలాంటి ప్రయోగం రోడ్డు మీద చేయొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

పార్టు మార్చకుండా తేలే పరీక్షలు

ఖర్చు లేనివి ముందు. టైరులో గాలి, అరుగుదలలో గుంతలు, రాలిపోయిన బ్యాలెన్స్ బరువులు, క్యాలిపర్ బోల్టుల టైటు.. ఇవి రెండు నిమిషాల పని. ముందు చక్రం పైకెత్తి, టైరు పట్టుకుని మెల్లగా తిప్పుతూ రిమ్ అటూ ఇటూ ఊగుతోందా అని చూడాలి. ఒక హెచ్చరిక: తిరిగే డిస్కు రంధ్రాల దగ్గర వేళ్లు పెట్టొద్దు, గుడ్డ పెట్టి తుడవొద్దు. వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

తర్వాత యాక్సిల్. చక్రం విప్పి బిగించినప్పుడు యాక్సిల్ నట్ బిగించాక, ఫోర్కుల కింది పించ్ బోల్టులు బిగించే ముందు, ముందు బ్రేక్ పట్టుకుని హ్యాండిల్‌ను మూడు నాలుగు సార్లు కిందికి నొక్కి వదలాలి. రెండు షాకప్‌లూ వాటంతటవే సమాంతరంగా సర్దుకుంటాయి. ఈ పని మర్చిపోతే ఒక ఫోర్కు లోపలికి లాగినట్టు ఉండిపోతుంది, క్యాలిపర్ డిస్కుకు సూటిగా కూర్చోదు. టైరు మార్చాక మొదలైన వణుకు అయితే బోల్టులు వదులు చేసి ఇదొక్కటీ మళ్లీ చేసి చూడాలి. పైసా ఖర్చు లేదు.

కోన్‌సెట్ వదులుందేమో చూడటానికి ఫోర్కుల అడుగు భాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి చూస్తారు. ‘టక్’మని తగిలితే వదులు. ఇక్కడ చాలామంది గమనించని సంగతొకటి ఉంది. బండిని ఫోర్కుల కింద ఎత్తే ప్యాడాక్ స్టాండ్ మీద ఈ పరీక్ష పనికిరాదు. స్టాండే ఫోర్కులను పైకి తోసి ఆ వదులును దాచేస్తుంది. స్టీరింగ్ స్టెమ్ దగ్గర ఎత్తే స్టాండ్ కావాలి, లేదా ఇంజిన్ కింద జాగ్రత్తగా ఆనించాలి. కోన్‌సెట్ వదులు తనంతట తాను వణుకు పుట్టించకపోవచ్చు, చిన్న వణుకును మాత్రం పెద్దది చేస్తుంది. దాన్ని బిగిస్తే రైడర్ ‘సూపర్ అన్నా, తగ్గింది’ అంటాడు. అసలు కారణం మాత్రం డిస్కులోనే కూర్చుని ఉంటుంది.

ఫ్లోటింగ్ డిస్కు అయితే మధ్య భాగాన్నీ బయటి రింగునూ కలిపే బాబిన్లు చూడాలి. అవి కాస్త కదలాలి. బ్రేక్ దుమ్ముతో పట్టేస్తే వేడెక్కిన రింగు సాగడానికి చోటుండదు. ‘వేడెక్కాకే వస్తోంది’ అన్న జవాబుకు ఇది బాగా సరిపోయే కారణం. పిస్టన్లలో ఒకటి పట్టేసినా ప్యాడ్ రాసుకుంటూ డిస్కును ఒకవైపు మాడుస్తుంది. పిస్టన్లను బ్రేక్ క్లీనర్‌తోనే కడగాలి. పెట్రోలు, కిరోసిన్ తగిలితే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. మన షెడ్లలో దేన్నైనా పెట్రోలుతో కడిగేసే అలవాటుంది, ఇక్కడ దాన్ని మానుకోవాలి.

డిస్కును నిజంగా కొలవడం

ఇప్పుడు డయల్ గేజ్ తీయాలి. కాలేజీ మెట్రాలజీ ల్యాబ్‌లో దాన్ని సర్ఫేస్ ప్లేట్ మీద అయస్కాంతం స్టాండ్‌తో పెట్టి ఉంటారు. బండి దగ్గరికి తెస్తే మొదటి దెబ్బ అక్కడే. షాకప్ అడుగు భాగం అల్యూమినియం, అయస్కాంతం అంటదు. ఒక చిన్న ఇనుప పట్టీని ఫోర్కుకు గట్టిగా బిగించి దాని మీద స్టాండ్ నిలబెట్టాలి. గేజ్ ముల్లును డిస్కు బయటి అంచుకు కొంచెం లోపల, రంధ్రాలు తగలని చోట ఆనించి చక్రాన్ని మెల్లగా ఒక చుట్టు తిప్పాలి. ఎక్కువ, తక్కువ రీడింగుల మధ్య తేడాయే రనౌట్. బండిని బట్టి సర్వీస్ మాన్యువల్ పరిమితి మారుతుంది. 0.10 మి.మీ. అనేవీ ఉన్నాయి, 0.30 దాకా అనుమతించేవీ ఉన్నాయి. అంచనా వద్దు, ఆ బండి మాన్యువలే చూడాలి.

రనౌట్ ఎక్కువొచ్చింది. డిస్కు మార్చేద్దామా? ఇంకా కాదు. ఎత్తు ఎక్కువున్న చోట డిస్కు మీదా, దానికి ఎదురుగా హబ్ మీదా మార్కర్‌తో గుర్తు పెట్టండి. డిస్కు విప్పి, ఒక బోల్టు రంధ్రం జరిపి మళ్లీ బిగించి కొలవండి. ఎత్తు డిస్కు గుర్తుతో పాటు జరిగితే తప్పు డిస్కుదే. హబ్ గుర్తు దగ్గరే ఉండిపోతే డిస్కు నిర్దోషి. హబ్ ముఖం మీద పెయింటో, తుప్పో, మట్టో, గీతో ఉండి డిస్కును సరిగ్గా కూర్చోనివ్వడం లేదు. కొత్త డిస్కు వేసినా మళ్లీ అలాగే ఊగుతుంది. పదిహేను నిమిషాల పని ఇది. ఇంత సులువుగా నిందితుణ్ని పట్టించే పరీక్ష ఇంజినీరింగ్‌లో తక్కువ. హబ్ బేరింగ్ వదులు లేదని దీనికంటే ముందే నిర్ధారించుకోవాలి, లేదంటే ఈ రీడింగులేవీ నమ్మలేం.

మందం కొలవడానికి వెర్నియర్ పనికిరాదు. అరిగిన డిస్కుకు బయటి అంచున అరగని గట్టు మిగిలిపోతుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద కూర్చుని మందం ఎక్కువ చూపిస్తాయి. మైక్రోమీటర్‌తో, అంచు నుంచి ఒకే దూరంలో, చుట్టూ ఎనిమిది లేదా పన్నెండు చోట్ల కొలవాలి. కార్ల విషయంలో పది పదిహేను మైక్రాన్ల తేడా కూడా డ్రైవర్‌కు తెలిసేంత వణుకు పుట్టిస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. కాబట్టి 0.01 మి.మీ. లీస్ట్ కౌంట్ ఉన్నది కంటే 0.001 ఉన్న మైక్రోమీటర్ మేలు. కనీస మందం ఎంతన్నది డిస్కు మీదే అచ్చు వేసి ఉంటుంది. ఒక్కచోట అంతకన్నా తక్కువ వచ్చినా ఇక చర్చ లేదు, డిస్కు మార్చాల్సిందే.

వంగలేదు, అంటుకుంది

రనౌట్ బాగుంది, కనీస మందమూ ఉంది, అయినా లీవర్ కొట్టుకుంటోంది. అప్పుడు డిస్కు ఉపరితలాన్ని వెలుతురులో ఏటవాలుగా చూడండి. ఒకచోట బూడిద రంగులోనో, నీలంగానో ప్యాడ్ ఆకారంలో మరక కనిపించొచ్చు. ప్యాడ్ పదార్థం డిస్కుకు అచ్చులా అంటుకుపోయింది. వంగిన డిస్కులనుకునేవి చాలావరకు ఇలా పదార్థం అసమానంగా అంటుకున్నవేనని అమెరికన్ రేసు ఇంజినీరు, ‘ట్యూన్ టు విన్’ రచయిత కారోల్ స్మిత్ గట్టిగా వాదించాడు. ఆయన రాసింది ప్రధానంగా కార్ల గురించి. బైకు డిస్కులు ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీలువి, కార్లవి పోత ఇనుమువి. ఆ తేడా గుర్తుపెట్టుకుంటూనే, అంటుకోవడం అన్న మాట మాత్రం బైకులకూ వర్తిస్తుంది.

ఎలా అంటుకుంటుంది? సెషన్ ముగించి కాగిన బ్రేకులతో పిట్‌లోకి వచ్చి, లీవర్ పట్టుకునే నిలబడితే చాలు. అంతకుముందు వేరే రకం ప్యాడ్లు వాడి, డిస్కు శుభ్రం చేయకుండా కొత్తవి వేసినా ఇదే గొడవ. మరక పలచగా ఉంటే నాన్ మెటాలిక్ స్కాచ్ బ్రైట్‌తోనో ఎమెరీతోనో చుట్టూ సమానంగా రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, ప్యాడ్లను మళ్లీ కుదుర్చుకోవాలి. ట్రాక్ మీద 80 నుంచి 20 దాకా వేగం తగ్గించేలా ఎనిమిది పదిసార్లు, మధ్యస్థంగా, పూర్తిగా ఆగకుండా బ్రేకులు వేసి, తర్వాత ఒక ల్యాప్ చల్లారనివ్వాలి. ఆగిపోయి లీవర్ పట్టుకుంటే మళ్లీ మొదటికొస్తాం.

కొందరు లేత్ మీద పెట్టి స్కిమ్మింగ్ చేయిద్దామంటారు. బైకు డిస్కు నాలుగైదు మిల్లీమీటర్ల మందమే ఉంటుంది, అందులోంచి తీసేస్తే వేడిని మోసే లోహం తగ్గుతుంది. ట్రాక్ బండికి నేనైతే వద్దనే అంటాను.

పైన అనుకున్న రనౌట్‌కూ దీనికీ ఒక సంబంధం కూడా ఉంది. ఊగే డిస్కు బ్రేక్ పట్టకపోయినా ప్రతి చుట్టుకూ ఒకేచోట ప్యాడ్‌ను రాస్తుంది. అక్కడ అరగడమో, అంటుకోవడమో జరిగి కొన్నాళ్లకు మందంలో తేడా పుడుతుంది. కాబట్టి మరక రుద్దేసి, రనౌట్ కొలవకుండా వదిలేస్తే వణుకు తిరిగొస్తుంది.

ఈ నైపుణ్యానికి ఉద్యోగం ఎక్కడ?

రేసు టీముల్లో మెకానిక్ పోస్టులు తక్కువ, సీజన్‌ను బట్టి ఉంటాయి. అదే జీవితాంతపు ఉద్యోగమని ఇంట్లో ఒప్పించడం కష్టం, ఒప్పించకపోవడమే మంచిదేమో కూడా. కానీ అదే ఆలోచనకు జీతమిచ్చే చోట్లు చాలా ఉన్నాయి. బ్రేకులు తయారుచేసే చెన్నైలోని బ్రేక్స్ ఇండియా, పుణెలోని బ్రెంబో, ఔరంగాబాద్‌లో మొదలైన ఎండ్యూరెన్స్.. హోసూరులో టీవీఎస్, చెన్నైలో రాయల్ ఎన్‌ఫీల్డ్.. పరీక్షలు చేసే సంస్థల్లో పుణెలో ఏఆర్ఏఐ, చెన్నై దగ్గర ఒరగడంలో జీఏఆర్‌సీ, ఇండోర్ దగ్గర పీథంపూర్‌లో నాట్రాక్స్. మన దగ్గర శ్రీసిటీ పరిసరాల్లో హీరో మోటోకార్ప్ ప్లాంటు, అపోలో టైర్స్ ఉన్నాయి.

వెతకాల్సిన పోస్టుల పేర్లు: ఎన్‌వీహెచ్ ఇంజినీర్, బ్రేక్ టెస్టింగ్, వారంటీ ఎనాలిసిస్, ఫీల్డ్ సర్వీస్. వీటిలో వారంటీ విభాగాన్ని విద్యార్థులు పెద్దగా పట్టించుకోరు. డీలర్ వణుకుతోందని డిస్కు మార్చి పాతది కంపెనీకి పంపుతాడు, అక్కడ కొలిస్తే లోపం కనిపించదు. అసలు లోపం హబ్ ముఖంలోనో, యాక్సిల్ బిగింపులోనో కస్టమర్ బండి మీదే మిగిలిపోయి ఉంటుంది. ఇలాంటివి తేల్చేవాళ్లు కంపెనీకి నేరుగా డబ్బు మిగులుస్తారు. డిప్లొమా, ఐటీఐ వాళ్లకు అప్రెంటిస్‌షిప్ ద్వారా ఈ విభాగాల్లోకి దారి ఉంటుంది.

చదువుతుండగానే చేతికి గ్రీజు అంటించుకోవాలంటే ఎస్ఏఈ ఇండియా బాహా, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ లాంటి పోటీల కాలేజీ టీముల్లో చేరొచ్చు. మద్రాస్ సర్క్యూట్‌లో రేసులప్పుడు మార్షళ్లుగా వాలంటీర్లు పనిచేస్తారు. డబ్బు రాదు, కానీ పిట్ వాతావరణం దగ్గర్నుంచి చూడొచ్చు.

ట్రాక్ బండి దొరకకపోతే కాలేజీ పార్కింగ్‌లో డిస్కు బ్రేకున్న బండ్లు వందుంటాయి. స్నేహితుల బండ్లు పది తీసుకుని ఒక్కోదానికి రనౌట్ ఒకసారి, మందం పన్నెండు చోట్ల కొలిచి పట్టిక వేయండి. ఏది వణుకుతోందో ముందే అడగకండి, కొలిచాక అడిగి పోల్చండి. రెజ్యూమెలో ‘బ్రేక్ సిస్టమ్స్ మీద అవగాహన’ అని రాసే చోట ‘పది బైకుల డిస్కు రనౌట్, మందం తేడాలు కొలిచి, రైడర్ల ఫిర్యాదులతో పోల్చాను’ అని రాయొచ్చు. తర్వాత వచ్చే ప్రశ్నలన్నీ ఆ పట్టిక మీదే ఉంటాయి కాబట్టి దాని ప్రింటు ఒకటి ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.